నాన్న జీపు అమ్మకం, ఛార్జితో సహా

ఆ రోజుల్లో బాగ్‌బేరా రైల్వే కాలనీలో సొంత బండి ఉన్నవాడంటే సైకిలుకి డైనమో ఉన్నవాడని అర్థం. స్కూటరు ఉన్నవాణ్ణి ఆఫీసరనేవాళ్ళం, కారు ఉన్నవాణ్ణి చూడాలంటే నది వైపు బంగళాల దాకా వెళ్ళాల్సిందే. అలాంటి కాలనీలో, రెండు గదుల క్వార్టరు ముందు, తులసికోటకీ బొగ్గుల గంపకీ మధ్య, మా నాన్నకి ఏకంగా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉండేది. ఈ మాట ఇప్పుడు చెబితే వినేవాళ్ళు నన్ను జమీందారు బిడ్డని చూసినట్టు చూస్తారు. నేనూ కాసేపు అలాగే చూడనిస్తాను (గౌరవం ఊరికే వస్తుంటే వద్దనడానికి నేనేమీ సన్యాసిని కాదు). ఆ జీపుని నడిపిన రోజులకన్నా తోసిన రోజులే ఎక్కువన్న సంగతి మాత్రం అడిగితేనే చెబుతాను.

దాని పుట్టుపూర్వోత్తరాలు ఘనమైనవే. యుద్ధం రోజుల్లో చాకులియా వైపు విమానాలు దింపుకోవడానికి వచ్చిన అమెరికా సైన్యం, యుద్ధం అయ్యాక మోసుకుపోలేక వదిలేసిన సామానులో అదొకటట. తర్వాత ఒక కలప వ్యాపారి చేతికొచ్చి, అడవిలో దుంగలు లాగి లాగి, చివరికి అతని షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటుగా స్థిరపడింది. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఈ హిందీ దేశానికి వచ్చిన రైలింజను డ్రైవరు. కదలకుండా పడి ఉన్న యంత్రాన్ని చూస్తే ఆయనకి అన్నం సహించదు. కోళ్ళని లేపి, జీపుని లారీ మీద వేయించుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు మా అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు గానీ, చివర్లో ఒక పేరు పెట్టింది, "పాలివ్వని గేదె" అని. కాలనీ అంతా ఆ పేరే ఖాయం చేసింది. గేదెకి గడ్డయినా ఊళ్ళో దొరుకుతుంది, దీని మేత కోసం నాన్న డ్యూటీ లేని ప్రతి రోజూ జుగ్సలాయి పాతసామాన్ల బజారు చుట్టూ తిరిగేవాడు.

అలా ఏళ్ళ తరబడి మరమ్మతు చేసి దాన్ని జీపుగా మార్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నాన్న దాన్ని రైలింజనుగా మార్చాడు. ఒంటికి నల్లరంగు, అంచులకి ఎర్రగీత, ఇత్తడి ఎక్కడ కనిపిస్తే అక్కడ చింతపండు పెట్టి తోముడు (ఆ చింతపండు మీద మా అమ్మకీ ఆయనకీ జరిగిన యుద్ధంలో అమెరికా సైన్యం జోక్యం చేసుకోలేదు). బయల్దేరే ముందు ఈల వేయాలి, ఎవరో ఒకరు పచ్చజెండా చూపించాలి. వెనక్కి తీయాలంటే వెనకాల మనిషి నిలబడి జెండా ఊపితేనే తీస్తాడు. ఆ మనిషిని నేనే అని వేరే చెప్పాలా? తోటివాళ్ళందరూ జుట్టు పెంచుకుని బిష్టుపూర్ సినిమా హాళ్ళ ముందు తిరిగే వయసులో, నేను మా క్వార్టరు వెనక పచ్చజెండా పట్టుకుని నిలబడేవాణ్ణి. అటుగా వెళ్ళే కాలనీ ఆడపిల్లలు నన్ను ఎంత ఆరాధనగా చూసేవారో మీరే ఊహించుకోండి.

ఇంతలో నాన్న రిటైర్మెంటు దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చేయాలి. బారిడీహ్‌లో అద్దెకి రెండు గదులు చూసుకున్నాం, మేడ మీద. ఆ సందులోకి రిక్షా రావాలన్నా ముందు ఎదురింటివాళ్ళు తమ మంచం లోపలికి తీసుకోవాలి. జీపుకి చోటెక్కడిది? అమ్మాలి. అమ్ముడుపోకపోతే దానికి మిగిలిన దారి ఒక్కటే, తుక్కు కొనే కబాడీవాడు. ఉక్కు కార్ఖానా ఉన్న మా ఊళ్ళో పాత ఇనుము కబాడీవాడి చేతికి పోయిందంటే చివరికి ఏ కొలిమిలో తేలుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సాయంత్రం కార్ఖానా వైపు ఆకాశం ఎర్రబడితే మిగతావాళ్ళు అందంగా ఉందనుకునేవారు. నాన్న మాత్రం ఒకసారి అటు చూసి, ఒకసారి జీపు వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయేవాడు.

అమ్మకం బాధ్యత నా నెత్తిన పడింది. ఎందుకంటే నేను గోవింద్‌పూర్ దగ్గర లారీల ఫ్యాక్టరీలో అప్రెంటిసుని, అంటే మా అమ్మ దృష్టిలో బండ్లు తయారు చేసేవాణ్ణి. నిజానికి నేను చేసేది ఒకే రకం నట్టుని పొద్దస్తమానం బిగించడం. ఆ నట్టు లారీలో ఏం చేస్తుందో నాకు అప్పటికి ఇంకా చెప్పలేదు. అయినా వాహన రంగ నిపుణుడిగా నేను ఆ బాధ్యతని చిరునవ్వుతో స్వీకరించి, మొదటి బేరాన్ని బారిడీహ్ నుంచే పట్టుకొచ్చాను.

ఆయన మా అమ్మకి వరసకి తమ్ముడు, నాకు మావయ్య, లేబర్ ఠేకేదారు, అంటే కూలీల కాంట్రాక్టరు. జీపు లేని ఠేకేదారుని ఎవరూ ఠేకేదారుగా చూడరని ఆయన బాధ. విశ్వకర్మ పూజ దగ్గర పడింది. ఆ రోజు ఊళ్ళో ప్రతివాడూ తన బండికి దండ వేసి, నిమ్మకాయ తొక్కించి, వీధిలో నిలబెడతాడు. మావయ్యకి దండ ఉంది, నిమ్మకాయ ఉంది, బండే లేదు. జీపుని చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. నేను ముందురోజే నాన్నని కూర్చోబెట్టి, బేరం అయ్యేదాకా నోరు విప్పొద్దని మాట తీసుకున్నాను. నాన్న మాట తప్పే మనిషి కాదు. బేరం జరిగినంతసేపూ అరుగు మీద కూర్చుని గోడకేసి చూశాడు. నేను ఆ జీపు గుణగణాలు వర్ణించాను. అందులో సగం నాకే కొత్తగా అనిపించాయి. మావయ్య ఒప్పుకున్నాడు, తమలపాకులో బయానా పెట్టి అమ్మ చేతికిచ్చాడు, తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అప్పుడు నాన్న లేచాడు.

ఇక్కడ రైల్వే తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. డ్యూటీ దిగే డ్రైవరు ఎక్కే డ్రైవరుకి ఇంజనుని ఊరికే వదిలేసి పోడు. పక్కన నిలబడి, దాని లోపాలన్నీ ఒక్కొక్కటే నోటితో చెప్పి అప్పజెబుతాడు. దాన్నే ఛార్జి ఇవ్వడం అంటారు. మంచి చెప్పడం ఉండదు, మంచిగా ఉన్నదాని గురించి చెప్పేదేముంది? నాన్న బతుకంతా అలాగే ఇచ్చాడు, అలాగే పుచ్చుకున్నాడు. బేరం వేరు, ఛార్జి వేరు. బేరంలో నోరు విప్పనని నాకు మాటిచ్చాడు గానీ, ఛార్జి గురించి మాటివ్వలేదు. జీపు పక్కన నిటారుగా నిలబడి మొదలెట్టాడు.

"బామ్మర్దీ, ఇను. స్టీరింగు ఎడమేపుకి లాగుతాది, మణికట్టుతో కుడేపు కాసుకోవాల. రెండో గేరు జారిపోతాది, మోకాలితో అదిమి పట్టు. బ్రేకు మొదటి తొక్కుకి పడదు, రెండో తొక్కుకి పడతాది. పెట్రోలు ముల్లు అబద్దమాడతాది, పుల్ల ఎట్టి సూసుకో. ముందు సక్రాల లివరు సల్లగున్నప్పుడు పడదు, కింద నుంచి మడమతో ఒక్కటియ్యాల. కొండెక్కినప్పుడు నీళ్ళు మరుగుతాయి, డబ్బా కూడా ఉండాల."

మావయ్య మొహంలో రంగులు మారడం నేను చూస్తూనే ఉన్నాను. వైపరు చేత్తో తిప్పుకోవాలన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన కిందికి దిగి, తాళం నాన్న చేతిలో పెట్టాడు. "బావా, నువ్వు బండి అమ్ముతన్నావా, దాని మీద కంప్లైంటు రాయిత్తన్నావా?" అని, బయానా తమలపాకుతో సహా వెనక్కి పుచ్చుకుని వెళ్ళిపోయాడు. పూజ రోజున పాపం తన సైకిలుకే దండ వేశాడని తర్వాత తెలిసింది.

నేను నాన్న మీద లేచాను. మా ఈడువాళ్ళం కోపం వస్తే హిందీలోకి దిగేవాళ్ళం (తెలుగులో కోప్పడితే అమ్మ కొడుతుందని భయం). లోకంలో అమ్మేవాడెవడూ లోపాలు చెప్పడని, కొన్నవాడి ఖర్మ కొన్నవాడిదని, "ఆప్ బస్ చుప్ రహియే నా" అని, అంటే మీరు ఊరుకుంటే చాలని, ఏదేదో అన్నాను. నాన్న అంతా విని, కోప్పడకుండానే ఒక్క మాటన్నాడు.

"దిగినోడు సెప్పకపోతే ఎక్కినోడికి ఎవుడు సెప్తాడ్రా?"

అయినా నిపుణుణ్ణి కదా, ఇంకో ఉపాయం కనిపెట్టాను. నాన్న డ్యూటీకి వెళ్ళిన రోజు చూసి బేరం పెట్టడం. సాక్చీలో మిఠాయి దుకాణం వాళ్ళబ్బాయి ఒకడు, నల్లకళ్ళద్దాలవాడు, ఆడపిల్లల కాలేజీ ముందు నెమ్మదిగా పోవడానికి అనువైన బండి కోసం వెతుకుతున్నాడు. నెమ్మదిగా పోవడంలో మా జీపుకి సాటి లేదు. పొద్దున్నే నాన్న రైలు తీసుకుని చక్రధర్‌పూర్ వైపు వెళ్ళాడు, మధ్యాహ్నానికల్లా నేను కళ్ళద్దాలవాణ్ణి తెచ్చి జీపు ముందు నిలబెట్టాను. కొంచెం నాటకీయంగా ఉంటుందని, కప్పిన టార్పాలిన్‌ని ఒక్క లాగు లాగాను. నల్లటి బానెట్ మీద తెల్ల సుద్దతో, యార్డులో చెడిపోయిన వ్యాగన్ల మీద రాసినట్టే, అడ్డంగా పెద్ద అక్షరాలతో 'సిక్' అని ఉంది. దాని కింద స్టీరింగు మొదలుకుని వైపరు దాకా అన్నీ వరసగా ఉన్నాయి. డ్యూటీకి వెళ్ళే ముందు నాన్న ఛార్జి రాసిపెట్టి మరీ వెళ్ళాడు. కళ్ళద్దాలవాడు అద్దాలు తీసి రెండుసార్లు చదివి, "ఇస్కో బుఖార్ హై క్యా?" అని ఎంతో సానుభూతిగా అడిగాడు. అవును, జ్వరమే, కాకపోతే నాకు.

అలా రిటైర్మెంటు ముంచుకొచ్చింది గానీ జీపు కదల్లేదు. చివరికి కబాడీవాణ్ణి పిలవక తప్పలేదు. అతను వచ్చి, జీపు చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్ని చూశాడు. అప్పుడు చూడాలి మా నాన్నని. కొనడానికి వచ్చినవాళ్ళకి లోపాలు తప్ప చెప్పని మనిషి, కబాడీవాడి ముందు మంచి తప్ప చెప్పలేదు. ఇంజను ఎంత గట్టిదో, బురదలో దిగబడితే నాలుగు చక్రాలూ కలిసి ఎలా బయటికి లాక్కొస్తాయో, చలికాలం పొద్దున్న కూడా రెండో తిప్పుకే ఎలా అందుకుంటుందో, తన బిడ్డని మెచ్చుకున్నట్టు చెప్పుకుపోయాడు. ఆ చెప్పినదాంట్లో పావు వంతు మావయ్యకి చెప్పి ఉంటే మా కష్టాలు ఏనాడో తీరేవి. కబాడీవాడు ఓపిగ్గా విని, గుణాలు తూకానికి రావు చాచా అని హిందీలో అన్నాడు. ఆదివారం బండి తెచ్చి పట్టుకుపోతానన్నాడు.

ఆ పూట నాన్న ఇత్తడి తోముతూ కూర్చున్నాడు. చింతపండు కోసం అమ్మ పోట్లాడుతుందని చూశాను, ఆవిడే తెచ్చి ఆయన పక్కన పెట్టింది. పెట్టి, నా వైపు తిరిగింది.

"గేదె పాలియ్యకపోతే మాత్తరం కటికోడికి ఇచ్చేత్తారా ఎవులైనా?"

ఇన్నేళ్ళూ ఆ జీపుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిన మనిషి అన్న మాట అది. మర్నాడు ఆవిడ మోకాలి నొప్పికి మందు తెచ్చుకుంటానని ధర్మాసుపత్రికి వెళ్ళి, మందుతో పాటు ఒక సిస్టరుని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఆ సిస్టరు మలయాళీ నర్సు. తెల్లచీర, కాన్వాసు బూట్లు, చేతిలో గొడుగు. పోట్కా అవతల కొండల్లో చిన్న వైద్యశాల నడుపుతోందట. మందుల కోసం టౌనుకి వచ్చింది. వాళ్ళ పాత బండి వానాకాలంలో ఒక వాగులో కన్ను మూసిందట, అప్పటి నుంచీ రోగుల్ని మంచాల మీద మోయించుకొస్తున్నారట. ఆవిణ్ణి చూడగానే నా నిపుణత చప్పబడింది. గొడుగు పట్టుకొచ్చిన మనిషి జీపేం కొంటుంది, కొన్నా మా నాన్న ఛార్జి విన్నాక నిలబడుతుందా అనుకున్నాను. నోరు మూసుకుని అరుగు మీద కూర్చుని, నాన్న లాగే గోడకేసి చూశాను.

నాన్న జీపు పక్కన నిలబడ్డాడు. సిస్టరు గొడుగు ముడిచి గోడకి ఆనించి, ఆయనకి ఎదురుగా నిటారుగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. ఆయన హిందీలో శ్రీకాకుళం, ఆవిడ హిందీలో కేరళ, మధ్యలో హిందీ ఎక్కడో ఉండే ఉంటుంది. నాన్న స్టీరింగు ఎడమకి లాగుతుందని చెప్పగానే, ఆవిడ "స్టీరింగు ఎడమకి లాగుతుంది, కుడికి కాసుకోవాలి" అని తిరిగి అప్పజెప్పింది. నాన్న ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు. రెండో గేరన్నాడు, ఆవిడ రెండో గేరు, మోకాలు అంది. బ్రేకన్నాడు, ఆవిడ రెండో తొక్కు అంది. ఛార్జి పుచ్చుకునే డ్రైవరు చేయవలసింది సరిగ్గా అదే, విన్నదాన్ని తిరిగి చెప్పడం. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. వార్డులో డ్యూటీ దిగే నర్సు కూడా ఎక్కే నర్సుకి ఇలాగే మంచం మంచం దగ్గరా నిలబడి చెబుతుంది కదా. మా అమ్మ నొప్పి మోకాలిలోనే గానీ బుర్రలో కాదు.

వైపరు దాకా అయ్యాక సిస్టరు అడిగింది, "ఇవన్నీ జబ్బులు. రోగికి ఏమిష్టమో చెప్పలేదు."

నాన్న తెల్లబోయాడు. ఆయన సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న అది. బానెట్ మీద చెయ్యి వేసి, అటూ ఇటూ చూసి, మేం వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. కొండ ఎక్కేటప్పుడు దానితో మాట్లాడాలన్నాడు. మాట్లాడితే ఎక్కేస్తుందట. ఏ భాషలో అని ఆవిడ నవ్వకుండా అడిగింది. దానికి తెలుగే అలవాటని నాన్న కూడా నవ్వకుండా చెప్పాడు. తనకి తెలుగు రాదు, ఏమనాలో నేర్పమంది. నాన్న నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"పదమ్మా, పద."

సిస్టరు దాన్ని మలయాళం యాసలో రెండు మూడుసార్లు అప్పజెప్పింది. ఛార్జి పూర్తయింది. ధర మాట అమ్మా సిస్టరూ లోపల తేల్చుకున్నారు, కబాడీవాడు ఇస్తానన్నదానికి కాస్త ఎక్కువే అని మాత్రం తెలుసు. ఆదివారం కబాడీవాడు వచ్చేసరికి తులసికోట పక్కన నూనె మరక తప్ప ఇంకేమీ లేదు.

సిస్టరు బండి తీసే ముందు నేనే వెళ్ళి వెనకాల నిలబడబోయాను. నాన్న నన్ను ఆపి జెండా తను పుచ్చుకున్నాడు. ఈల వేసి పచ్చజెండా చూపించాడు. జీపు ఒకసారి దగ్గి, చెప్పినట్టే కొంచెం ఎడమకి లాగి, ఆవిడ చెప్పినట్టే కుడికి కాసుకుని రోడ్డెక్కింది. మలుపు దగ్గర సిస్టరు చెయ్యి బయట పెట్టి ఊపింది. నాన్న మాత్రం జీపు కనుమరుగైన తర్వాత కూడా చాలాసేపు జెండా దించలేదు. రైల్వేలో ఆయన చివరి డ్యూటీ ఆ నెలాఖరున దిగాడు గానీ, నాకు మాత్రం ఆయన రిటైరయింది ఆ రోజే అనిపిస్తుంది.

తర్వాత చాలా ఏళ్ళకి, ఆ నట్టు లారీలో ఏం చేస్తుందో నాకు చెప్పిన తర్వాత, ఫ్యాక్టరీ పని మీద ఆ కొండల వైపు వెళ్ళాను. మేం తెచ్చిన కొత్త లారీ ఘాట్ మధ్యలో మొరాయించి ఆగిపోయింది (మేమే తయారు చేశాం కాబట్టి తిట్టుకోవడానికి వేరే మనిషి కూడా దొరకలేదు). పక్కన నిలబడి ఉంటే కింద నుంచి నల్లటి జీపు ఒకటి మూలుగుతూ పైకొచ్చింది. ఎర్రగీత వెలిసిపోయింది. నడుపుతున్నది ఆ కొండల కుర్రాడు, హో అనే ఆదివాసీ భాష మాట్లాడేవాడు. వెనక సీట్లో ఒక ముసలమ్మ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. దారి మరీ నిట్టనిలువుగా ఉన్న చోట అతను బండి పక్కని చేత్తో చరుస్తూ, "పదమ్మా, పద" అన్నాడు.

పైన ఆగి నీళ్ళు పోస్తుంటే దగ్గరికి వెళ్ళి, ఆ మాటకి అర్థమేమిటని హిందీలో అడిగాను. అతనికి తెలియదట. సిస్టరుకి కేరళకి బదిలీ అయినప్పుడు తనకి ఛార్జి ఇచ్చిందట, ఈ మాట కూడా అందులో ఉందట, అందుకని అంటాడట. స్టీరింగు సంగతి అడక్కముందే అతనే వైపరు దాకా వరసగా అప్పజెప్పాడు. ఒక్కటి కూడా తప్పలేదు, ఒక్కటి కూడా బాగుపడలేదు. ఆ మాటకి అర్థం నేను చెప్పలేదు. ఇంటికొచ్చి నాన్నకి ఇదంతా చెబితే ఆయన ఒకటే అడిగాడు, ఎడమేపుకి ఇంకా లాగుతున్నాదా అని. లాగుతోందన్నాను. "అయితే అదే," అని, తృప్తిగా పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇప్పుడు నాన్న లేడు. నేనూ రిటైరై, బారిడీహ్‌లో అదే మేడ మీద అవే రెండు గదుల్లో ఉంటున్నాను. ఆ మధ్య నా స్కూటరు అమ్మబోతే, కొనడానికి వచ్చిన కుర్రాడి పక్కన నాకు తెలియకుండానే నిటారుగా నిలబడ్డాను. మిగతాది మీరు ఊహించుకోగలరు, స్కూటరు ఇంకా మెట్ల కిందే ఉంది. నా సంగతి కూడా దానికంటే గొప్పగా ఏమీ లేదు, నడుస్తుంటే కాస్త ఎడమకి లాగుతున్నాను. సాయంత్రం కూరగాయల సంచీతో మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, మోకాలు చరుచుకుని, "పదమ్మా, పద" అంటాను. పైనుంచి మా ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతుంది. ఎవరూ లేరంటాను. నాలుగు మెట్లు ఎక్కేస్తాను.